అత్త ముక్కు మీది ట్రేడ్‌మార్కు

పోయిన మంగళవారం తెల్లారేసరికి మా మేనత్త పోయింది. మదురైలో మా వీధిలోనే, తన మంచం మీదే, పెద్దగా బాధపడకుండా పోయింది. అందుకు దేవుడికి దణ్ణం. కానీ ఆ అప్పడాల ఏజెంటుకన్నా ముందు పోవడం మాత్రం నాకింకా మింగుడుపడటం లేదు.

మామ పోయాక అత్త అప్పడాలు చేసి బతికింది. మినప్పిండి ముద్దను బొటనవేలితో నొక్కి, "ఇంకా దంచండి" అనేది. పనికి వచ్చే ఆడవాళ్లు ఆ వేలికి భయపడేవారు. కవరు మీద ఏ బొమ్మ వేయాలని అచ్చాఫీసువాళ్లు అడిగితే తన ముక్కుకున్న ఏడురాళ్ల బేసరి చూపించింది. కోపం కూడా ఆ ముక్కు మీదే ఉండేది. బేసరిలో ఒక రాయి ఎప్పుడో ఊడిపోయింది. గీసినవాడు చూసింది చూసినట్టే గీశాడు: ఆరు రాళ్లు, ఒక గుంట. ఆ బొమ్మతోనే మా అప్పడం ఒట్టన్‌చత్రం దాకా వెళ్లింది.

తీసుకెళ్లి అమ్మింది ఏజెంటే. అక్కా అని పిలిచేవాడు, వారానికి రెండుసార్లు మా వంటింట్లో తినేవాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ల గురించి విన్నాను గానీ, ఆ ఇంటి ఇల్లాలి ముక్కుపుడక మీదే కన్నేసినవాణ్ణి అతన్నే చూశాను.

బొమ్మను రిజిస్టరు చేయించమని నేను ఎన్నిసార్లు చెప్పానో. అత్త నవ్వేది. "నా ముక్కులో ఉండేదానికి రిజిస్టరు ఏమిటికి పిల్లా? ఊరికంతా తెలుసు కదా!"

ఊరికి తెలిసింది ఆఫీసుకు తెలియదు. ఒకరోజు ఒట్టన్‌చత్రం అంగళ్లవాళ్లు మా పెట్టెలు తిప్పి పంపారు. ఆ బొమ్మ ఇక ఏజెంటుదట. నేను కంప్యూటర్లో వెతికితే ట్రేడ్‌మార్క్ జర్నల్లో అత్త బేసరి కనిపించింది, కింద అతని పేరు. నాలుగు నెలల్లోపు ఎవరూ అడ్డు చెప్పకపోతే అది అతనిదే. అందులో మూడు వారాలే మిగిలాయి. ఆ గడువు దాటితే సొంత బొమ్మ వేసుకున్నందుకు అత్తే దొంగయ్యేది.

సంగతి బయటపడ్డాక అతను పండ్లు పట్టుకుని వచ్చాడు. "మనలో మనకి సండ, కొట్లాట ఏమిటికి అక్కా? మీరు చేసియ్యండి, నా పేరుతో నేను అమ్ముకుంటా."

"సిగ్గూ వెక్కం లేదారా నీకు?" అంది అత్త. "పండ్లు ఎత్తుకొని పో."

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని చుట్టాలు సర్దిచెప్పబోయారు. "ఊరు మంచిదే. వాణ్ణి మాత్రం విడిచేది లేదు," అని వకీలును పెట్టించింది.

గడువులోపే అభ్యంతరం వేశాం. పాత కవర్లు, అచ్చాఫీసు కాగితాలు జతచేశాం. కొన్నేళ్లకు విచారణ వచ్చింది, అదీ వీడియోలో. ఏడురాళ్ల బేసరికి ఆరే రాళ్లెందుకున్నాయని చెన్నై అధికారి అడిగాడు. గీసినవాడి పొరపాటని ఏజెంటు వకీలు చెప్పాడు. అత్త మా వకీలును మోచేత్తో పక్కకు నెట్టి, "సార్, ఇంగే పారుంగ" అని చూడమంటూ ముక్కును ఫోనుకు ఆనించింది. తెరనిండా బేసరి. అదే చోట అదే గుంట. అటువైపు ఏజెంటు తల దించుకున్నాడు. ఆ తలను తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండుతుంది.

గెలిచాక బొమ్మను తన పేరున రిజిస్టరు చేయించి, అతను అచ్చేయించుకున్న కవర్లన్నీ తన కళ్ల ముందే కత్తిరించాలని పట్టుబట్టింది. ఒట్టన్‌చత్రంలో అతని అంగడి ముందు స్టూలేసుకుని ఆఖరి కవరు దాకా కూర్చుంది. మన్నించమంటూ అతను కాఫీ ఇస్తే ముట్టలేదు. "మన్నిప్పూ లేదు, గిన్నిప్పూ లేదు," అంది తిరుగు బస్సులో. "వాడు మన్నించమని అడిగింది ఓడినాక కదా పిల్లా!"

క్షమించమని చెప్పే పెద్దలు నాకు చాలామంది దొరికారు. కోపాన్ని కాగితం మీద పెట్టి గెలిపించుకోవడం నేర్పింది అత్త ఒక్కతే. ఆ రుణం తీరేది కాదు. పోయిన ఏడాది ఆ మార్కును నా పేరున రాసింది. పదేళ్లకొకసారి రెన్యువల్ చేయాలని చెబితే, "నువ్వు మరిస్తే నేను లేచొస్తా" అంది.

నిన్న ఒట్టన్‌చత్రం వెళ్లాను. పని ఉండి కాదు, చూడాలనిపించి. అతని అంగడిలో అప్పడాలు ఏ బొమ్మా లేని తెల్ల కవర్లలో వేలాడుతున్నాయి. కొనడానికి వచ్చినావిడ ఒక కట్టను అటూ ఇటూ తిప్పి, "ఇది ఎవరి అప్పళం?" అని అడిగింది. అతను చెప్పబోయి, గుమ్మంలో నన్ను చూసి నోరు మూసుకున్నాడు. ఆవిడ కట్ట చేతిలో పట్టుకుని, జవాబు కోసం అతని మొహంలోకి చూస్తూనే ఉంది.