సగం మడి

రావల్‌కోల్‌లో మా పొలం పక్కన విల్లాలు లేచిన ఏడాది, ఎండలు ముదరకముందే మా బోరు నీళ్ళు తగ్గాయి. పైపు నిండా దూకే నీళ్ళు సన్నని ధారగా పడుతున్నాయి. అప్పటికే యాసంగి వరి పొట్టకొచ్చింది. ఇంకొన్ని తడులు అందితే ఇంటికి తిండిగింజలు, లేకపోతే ఉత్త గడ్డి.

నాయిన ఆ ధారను ఒకరోజు ఈ మూలకు, మర్నాడు ఆ మూలకు తిప్పేవాడు. ఏ మూలా పూర్తిగా తడిసేది కాదు. నేల నెర్రెలు పట్టసాగింది.

ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే అవ్వ తెల్లచీర మార్చకుండానే పార పట్టుకుని పొలానికి నడిచింది. నేను నీళ్ళ సీసా తీసుకుని వెనకే వెళ్ళాను. మడి నడుమకు దిగి, నిలిచి ఉన్న వరి మీదే మట్టి వేస్తూ అడ్డంగా గట్టు పెట్టడం మొదలుపెట్టింది. ఆ నాట్లు వేసింది ఆమే. నాటేటప్పుడు వంగిన మొక్కను మళ్ళీ వెనక్కి వచ్చి నిలబెట్టడం నేను చూశాను. ఇప్పుడు వాటినే తొక్కుతోంది. చెయ్యి ఆగడం లేదు.

మోటారు దగ్గరున్న నాయిన పరుగెత్తుకొచ్చాడు. "ఏంది గిది అమ్మా? పొట్టకొచ్చిన వరిని తొక్కుతున్నవ్."

"నీ ధార మడికంత సాలదు బిడ్డా. అంత సావాల్నా, సగం బతకాల్నా? నువ్వే చెప్పు."

నాయిన అవ్వ చేతిలోంచి పార తీసుకుని మిగతా గట్టు తానే పెట్టాడు.

అవ్వ పక్క పొలం ఆమెను పిలిచి, నీళ్ళు పారని సగంలో బర్లను వదలమంది. ఆమె ఒప్పుకోలేదు. పండే పంటలో బర్లను ఎట్లా తోలాలని బాధపడింది.

"పచ్చగున్నప్పుడే తిననియ్యి. ఎండినంక నీ బర్లు గూడ మూతి తిప్పుకుంటయి" అంది అవ్వ.

ధైర్యం గురించి ఎన్ని పుస్తకాల్లో చదివినా ఇలాంటిది నాకు ఎక్కడా కనిపించలేదు. గట్టు మీద నిలబడి చూస్తుండిపోయాను.

సాయంత్రానికి నీళ్ళు కొత్త గట్టును తాకి నిలిచాయి. అవతల బర్లు పంటను కొరికే చప్పుడు వినిపిస్తోంది. నాయిన అటు వీపు పెట్టి కూర్చున్నాడు. అవ్వ మాత్రం అవి మేసినంతసేపూ చూసింది.

ఇవతలి సగం గింజ పట్టింది. కోతలయ్యాక అవ్వ అవతలి సగం దున్నించి, తక్కువ నీళ్ళతో నెలకే కోతకొచ్చే పాలకూర చల్లింది.