రాజేశం సార్ పేర్చిన సూది బతుకమ్మ

నిన్న జగిత్యాల అంగట్లో తంగేడు పూల కుప్ప ముందు నిలబడగానే, ఆ పచ్చి వాసనకు నాకు నవ్వాగలేదు. పూలమ్మే ఆమె అనుమానంగా చూసి, "ఏందమ్మా, ధర జెప్పకముందే నవ్వుతున్నవ్?" అంది. ఏం చెప్పను? తంగేడు వాసనకు అందరికీ బతుకమ్మ గుర్తొస్తుంది. నాకు మాత్రం ముందు మా లెక్కల సారు గుర్తొస్తారు, ఆ తర్వాతే బతుకమ్మ.

రాజేశం సారుది సిరిసిల్ల. కోరుట్లలో ఒక గది అద్దెకు తీసుకుని, అక్కణ్ణుంచి మా ఊరి బడికి బండి మీద వచ్చేవారు. మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన మనిషి కదా, మెల్లగా మాట్లాడటం ఆయనకు చేతకాదు. మా పదో తరగతికి ఆయన చెప్పే పాఠం గోడ అవతల తొమ్మిదో తరగతికి ఉచితంగా వినిపించేది. అంత గొంతూ నా మీద మాత్రం పనిచేయలేదు. వాడకట్టంతా వినపడే నా నోటికి లెక్కల పీరియడ్‌లో తాళం పడేది. సారు ఏదైనా అడిగితే బల్ల కిందికి చూసేదాన్ని. అర్థమైందా అంటే తలూపేదాన్ని, కాలేదా అన్నా తలూపేదాన్ని!

చివరికి ఆ యేడు నేనే ఒక నిర్ణయానికి వచ్చేశాను. "దసరా అయినంక బడికి పోనే అవ్వ. నీ పక్కన చాట పట్టుకొని బీడీలు జేస్త" అన్నాను. అవ్వ, అంటే మా అమ్మ, బీడీ ఆకు కత్తిరించడం ఆపి నా వంక చూసింది. "నా నడుము నొప్పి రోజూ జూసుకుంట గూడ గిదే పనికొస్తనంటున్నవా బిడ్డ?" అంది. "లెక్కలు నాకు రావే" అని ఏడ్చేశాను. ఆ రాత్రి అవ్వ అన్నం కూడా సరిగ్గా తినలేదు. నిజం చెప్పాలంటే, బడి మానాలని నాకూ లేదు. భయం అంతే.

పండుగ సెలవులకు ముందు సారు శ్రేఢుల పాఠం మొదలుపెట్టారు. బోర్డు మీద పెద్ద తాంబాలం గీసి, "ఇయాల బతుకమ్మ పేరుద్దాం" అన్నారు. అడుగు వరుసకు అరవై నాలుగు గునుగు పూల కట్టలు పెట్టారు. దాని మీద ముప్పై రెండు, ఆపైన పదహారు, ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి. చేతులు దులుపుకుని, "ఎట్లున్నది నా బతుకమ్మ?" అన్నారు గర్వంగా.

మగపిల్లలు బాగుందన్నట్టు చూస్తున్నారు. వాళ్లకేం తెలుసు! నాకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. "గది బతుకమ్మ గాదు సార్! తాంబాలంల సూది గుచ్చినట్టున్నది" అనేశాను. తరగతంతా గొల్లుమంది.

సారు నడుము మీద చేతులు పెట్టుకున్నారు. "ఏందీ? నా బతుకమ్మకు వంక వెడుతున్నవా?"

"రెండో వరుసనే లోపటికి కూలుతది సార్. ఒక్కపారే సగం తగ్గిస్తే అది దేని మీద నిలవడుతది?"

"మరెట్ల తగ్గియ్యాలె?"

"వరుసకు ఇంత అని తగ్గియ్యాలె. నలభై వెడితే పైన ముప్పై ఆరు, దాని మీద ముప్పై రెండు. ఏ వరుసకైనా నాలుగే తక్కువ. గప్పుడే గోపురం లెక్క నున్నగ లేస్తది."

"నువ్వే వచ్చి పేర్వు" అని చాక్‌పీసు నా చేతిలో పెట్టారు. చెయ్యి దానంతటదే రాసుకుంటూ పోయింది. నలభై నుంచి నాలుగు దాకా పది వరుసలు పేర్చాను. "పూలు మొత్తం ఎన్ని గావాలె? ఒక్కొక్కటి కూడకు. అన్నిటికన్న కింది వరుసను అన్నిటికన్న పైదాంతోటి జతవెట్టు" అన్నారు. నలభై, నాలుగు కలిపితే నలభై నాలుగు. ముప్పై ఆరు, ఎనిమిది కలిపినా నలభై నాలుగే. అమ్మో! ఏ జత కలిపినా అదే. ఐదు జతలు, రెండు వందల ఇరవై కట్టలు. "నువ్వు పేర్చింది అంకశ్రేఢి, నేను పేర్చిన సూది గుణశ్రేఢి" అని సారు అరిచిన అరుపు తొమ్మిదో తరగతి వాళ్లకు కూడా గుర్తుండే ఉంటుంది.

ఆ సాయంత్రం గుమ్మంలోంచే, "అవ్వా, లెక్కలు నాకొస్తున్నయే!" అని కేకపెట్టాను. అవ్వ ఒళ్లోని చాట పక్కకు నెట్టి నన్ను దగ్గరికి లాక్కుంది. "ఇగ చాట ముచ్చట ఎత్తినవో, చూడు మరి!" అంది.

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మకు సిరిసిల్లలోని మా పెద్దమ్మ ఇంటికి వెళ్లాం. సారు ఇల్లు పక్క వాడలోనే అని తెలిసి పరుగెత్తాను. చూద్దును కదా, సారు బాసింపట్టు వేసుకుని కూర్చుని, నా నడుమంత ఎత్తు బతుకమ్మ పేరుస్తున్నారు. ఒక్క వరుస వంకర లేదు! ఆయన భార్య పూలందిస్తూ, "పెండ్లయిన కాన్నుంచి మా ఇంట్ల పేర్చేది మీ సారే బిడ్డ. నాకు గింత సక్కగ రాదు" అని నవ్వింది.

నేను నోరు వెళ్లబెట్టాను. "సార్! మరి బోర్డు మీద ఎందుకు తప్పు జేసిండ్రు?"

ఆయన తల ఎత్తకుండానే ఇంకో తంగేడు కట్ట సర్దారు. "నేను ఒప్పు జేస్తే నువ్వు నోరు తెరుద్దువా బిడ్డా?" అన్నారు. ఆ ఒక్కసారే ఆయన మెల్లగా మాట్లాడటం విన్నాను.

ఇప్పుడు జగిత్యాలలో నేనూ లెక్కల టీచర్నే. నిన్న కొన్న పూలు ఇవాళ తరగతికి తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, బోర్డు మీద సూది బతుకమ్మను గీసి, "ఎట్లున్నది?" అన్నాను. చివరి బల్ల మీద ఒక పిల్ల ఉంది. బడి తెరిచినప్పటినుంచి నా పీరియడ్‌లో ఆ పిల్ల గొంతు వినలేదు. పెదవులు బిగబట్టింది. భుజాలు కదిలాయి. పక్కున నవ్వి, "తప్పు మేడం! కూలిపోతది!" అంది.

చాక్‌పీసు ఆ పిల్ల చేతికిచ్చి, పీరియడ్ అయిపోగానే సిరిసిల్లకు ఫోన్ చేశాను. "సార్, ఇయాల నేను గూడ తప్పు జేసిన" అన్నాను. అవతల ఆయన నవ్వుకు ఫోన్ చెవికి దూరంగా పట్టుకోవలసి వచ్చింది.

"శెబాష్ బిడ్డా! ఎవలు దొరకవట్టిండ్రు?"