ఊరి మక్కలు కొనని ఫ్యాక్టరీ

ఊరి పక్కనే మొక్కజొన్నతో నడిచే ఫ్యాక్టరీ పెట్టి, ఆ ఊరి మక్కలు కొనకపోవడం అన్యాయం. ఈ మాట ఎవరితో అన్నా తల ఊపి వెళ్ళిపోతారు.

నాంపల్లి స్టేషన్ బెంచీ మీద కలిసిన రైతు ఒక్కడే కదలకుండా విన్నాడు. ఆఫీసర్లకు చూపిద్దామని చిన్న సంచీలో మక్కలు తెచ్చుకున్నాడు. పెట్రోల్లో కలిపే ఇథనాల్ తీసే ఫ్యాక్టరీ వాళ్ళ ఊరికి వచ్చిందని పత్తి మానేసి మక్క వేశాడట.

"తేమ ఉన్నదని గేటు కాడికెల్లి వాపస్ పంపిన్రు సారూ. దూరంకెల్లి వచ్చిన లారీలు మాత్రం లోపటికి పోతున్నయ్."

ఒక గింజ పంటి కింద టక్కున కొరికి, "ఇనబడ్డదా? గిది తేమనా?" అంటూ నా చేతిలోనూ ఒకటి పెట్టాడు. నావి కట్టుడు పళ్ళు. జేబులో వేసుకున్నాను. ఇప్పటికీ ఉంది.

నేను బడికి పోలేదు, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాలే నా చదువు. అదంతా ఆయనకు ఒప్పజెప్పాను.

"ఫ్యాక్టరీని పంట దగ్గర పెట్టేది లారీ కిరాయి మిగలాలనే. ఆ మిగులులో నీకూ వాటా రావాలి తమ్మీ! కానీ చుట్టుపక్కల కొనేవాడు వాడొక్కడే అయితే ధర వాడు చెప్పిందే. బయట చవగ్గా దొరికితే నీ మొహమే చూడడు."

ఎంతసేపు అరిచానో తెలీదు. చివరికి, "దరఖాస్తు నేను రాసిస్తా, తీసుకుపోయి ఇవ్వు" అన్నాను.

ఆయన జేబులోంచి మడతలు నలిగిన కాగితం తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"రాయించుకునే వచ్చిన సారూ. పొద్దుగాల సంది మూడు ఆఫీసులు తిరిగిన, ఒక్కరు సదవలే. మీరన్న జర సదువుండ్రి."