తాళం తాళమే, కబురు కబురే

మారేడ్‌పల్లిలో బస్సు దిగేసరికి ఎవరి గేటు ముందో ట్యాంకరు పైపు కారుతోంది. ఎండకు కాలిన రోడ్డు మీద నీళ్లు పడి లేచిన ఆ వాసన తగలగానే నాకు సత్యవతి గారు గుర్తొచ్చారు. మౌలాలిలో మేం ఇప్పటికీ అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు, మా కాలనీ సంఘానికి కార్యదర్శి. విజయనగరం వైపు నుంచి వచ్చి, రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి.

వాట్సాప్ గ్రూపులో శుభోదయాల మధ్య నీళ్ల కబురు మునిగిపోతోందని ఆవిడే నా చేత కాలనీకి ఒక వెబ్‌సైటు చేయించారు. ట్యాంకరు ఎప్పుడొస్తుందో అందులోనే పెట్టేవాళ్లం. మా వెనక వీధిలో ఉండే యాదగిరి అనే పెద్దమనిషి ప్రతి కబురు కిందా సంఘాన్ని తిట్టేవాడు. నల్లా ఎందుకు రావట్లేదని మొదలుపెట్టి బూతుల్లోకి దిగేవాడు. పేర్లు మార్చి మార్చి రాస్తున్నాడు కాబట్టి అతనికి సైటే తెరుచుకోకుండా చేద్దామన్నారు అందరూ. అలా ఆపడం చట్టప్రకారం చెల్లుతుందో లేదోనని సత్యవతి గారు నన్ను వెంటబెట్టుకుని తెలిసిన వకీలు దగ్గరికి వెళ్లారు.

"సైటు మీది. కులమో మతమో చూసి ఆపితే అది వేరే లొల్లి. తిట్టినోణ్ణి ఆపితే ఎవరడుగుతరమ్మా? బేఫికర్‌గ ఉండుండ్రి" అన్నాడాయన. ఆ రోజే ఆపేశాను.

ఆ ఎండాకాలం ఒక సాయంత్రం ట్యాంకరు వచ్చి వెళ్లిపోయింది. యాదగిరికి తెలియలేదు. వీధిలో అందరితోనూ తగువే కనుక చెప్పినవాళ్లూ లేరు. ఇంట్లో కోడలు పచ్చి బాలింత. అతను బిందెలు పట్టుకుని పక్క కాలనీకి వెళ్లి, ఖాళీ బిందెలతోనే తిరిగి రావడం సత్యవతి గారు మేడ మీంచి చూశారు.

"వకీలు ఆపొచ్చన్నాడు, ఆపాం. తప్పేటీ లేదు. మరి ఆ పసిగుడ్డు ఇంటికి నీళ్లొచ్చాయని ఎవరు చెప్తారు?" అన్నారు.

"తెరిచేయమంటారా?"

"ఏటి తెరిచేది? రోజూ బూతులు చదవడానికి మనకేటి ఖర్మ? తాళం తాళమే, కబురు కబురే."

అప్పట్నుంచి ట్యాంకరు వచ్చే ప్రతిరోజూ ఆవిడే, నొప్పులతో వంగని మోకాళ్లతో, వాళ్ల గేటు దాకా వెళ్లి టైము చెప్పి వచ్చేవారు. "సైటు బంద్ జేసి గిప్పుడు మంచితనం చూపెడ్తున్రా? ఏందీ నాటకం?" అని అతను లోపల్నుంచే విరుచుకుపడేవాడు. "ఆరింటికి" అని మళ్లీ చెప్పి వెనక్కి తిరిగేవారు. నాకు ఒళ్లు మండేది. ఆవిడ మొహంలో మాత్రం అలసట తప్ప కోపం కనిపించేది కాదు. అతను మారిపోయాడని చెప్పను. తిట్లు తగ్గాయి, అంతే.

ఇప్పుడు నేనొక కంపెనీలో ఇదే పని చేస్తున్నాను. ఎవరిని సైటులోకి రానివ్వాలి, ఎవరిని ఆపాలి అని చూసే పని. మా లాయర్లు "ఆపొచ్చు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వాళ్ల మాట కాదనేంత చట్టం నాకు రాదు. "మరి వాళ్లకు కావలసింది ఇంకో దారిలో దొరుకుతుందా?" అని మాత్రం అడుగుతాను. "మళ్లీ షురూ చేసింది" అని నవ్వుతారు. చాలాసార్లు నా మాట నెగ్గదు. అడిగి అడిగి విసుగొచ్చింది, నిజం చెప్పొద్దూ, మానేద్దామనే అనిపిస్తుంది.

సత్యవతి గారు పోయాక మొదటిసారి ట్యాంకరు రోజొచ్చింది. నేను వెళ్లేసరికి యాదగిరి గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. "ఐదింటికి" అన్నాను. తలూపాడు.

ఇక నడిచి వచ్చి చెప్పేందుకు ఆవిడ లేరు కదా అని, "సైటు తెరిచేస్తాను, మీరే చూసుకోండి" అన్నాను.

అతను చెయ్యి అడ్డంగా ఊపాడు. "వద్దు బిడ్డా. తెరిస్తే మల్ల తిడ్తనేమో. అమ్మ లెక్క జెర నువ్వే వచ్చి చెప్పు."

ఇంటికొచ్చి ఏడ్చాను. సైటు ఇప్పటికీ అతనికి తెరుచుకోదు. ఎంత అలసిపోయి వచ్చినా, ట్యాంకరు రోజున నేను వాళ్ల గేటు దాకా వెళ్తాను.