మా ట్రాక్టరు నీలం పొగ

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. కాపురం చోడవరంలో. మా అన్నయ్య బుచ్చయ్యపేట దగ్గర మా ఊళ్ళోనే ఉండి చెరుకు, వరి పండిస్తాడు. నాన్న కొన్న పాత ట్రాక్టరు అన్నయ్య దగ్గరే ఉంది. అది నాకంటే రెండేళ్ళు చిన్నది, అంతే. సీజన్లో అన్నయ్య మా చెరుకే కాక చుట్టుపక్కల వాళ్ళది కూడా దాంతోనే ఫ్యాక్టరీకి తోలతాడు. ఆ తోలకం లేకపోతే వాళ్ళ ఇల్లు గడవదు.

ఈ ఏడు సీజను మొదలైన వారానికే ట్రాక్టరు పొగ కక్కడం మొదలుపెట్టింది. నీలంగా, ముక్కుకి అంటుకుపోయే పొగ. నిలబెట్టిన చోటల్లా కింద ఆయిలు మడుగు. పొద్దున్న పోసిన ఆయిలు సాయంత్రానికి ఉండటం లేదు. అన్నయ్య ఇద్దరు మెకానిక్కులకి చూపించాడు. ఇద్దరిదీ ఒకటే మాట. పిస్టన్ రింగులు అరిగిపోయాయి, ఇంజను మొత్తం విప్పాలి, ఇంత ముసలి బండికి అది దండగ అన్నారు. దేవరాపల్లి నుంచి పాత ఇనుము కొనేవాడు ఆదివారం మధ్యాహ్నం వచ్చి చూస్తానన్నాడు.

నాకు నోరు కాస్త ఎక్కువ. శనివారం వెళ్ళి అన్నయ్యని నానా మాటలూ అన్నాను. మోయలేనంత లోడు ఎక్కించి చంపేశావన్నాను. ఆయిలు మార్చడానికి బద్ధకమన్నాను. నాన్న చేతిలో ఇన్నేళ్ళు నడిచింది నీ చేతిలో పడి పాడైందన్నాను. అన్నయ్య ట్రాక్టరు మడ్‌గార్డు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. వదినే కల్పించుకుని, అమ్మే ముందు గోవాడ రోడ్డులో షెడ్డు పెట్టుకున్న పెద్దాయనకి ఒకసారి చూపించమంది.

ఆ పెద్దాయన గురించి వినడమే కానీ నేను చూడలేదు. వయసులో ఉండగా బెల్లం వండేవాడట. పొయ్యి పొగా, పెనం మీద ఆవిరీ చూసి పాకం ఎంతకొచ్చిందో గట్టు మీద నుంచే చెప్పేవాడట. తర్వాత ఇంజన్ల పనిలోకి దిగాడు. ఈ కథ ఎవరు చెప్పినా నేను నవ్వేదాన్ని. చదువుకున్నదాన్నన్న గర్వం మరి.

ఆదివారం పొద్దున్నే అన్నయ్యా నేనూ ట్రాక్టరు మీద ఆయన షెడ్డుకి వెళ్ళాం. ఆయన పానా ముట్టుకోలేదు. పొగ స్టార్టు చేసినప్పుడు వస్తోందా, లోడు మీద వస్తోందా అని అన్నయ్యని అడిగాడు. ఎప్పుడూ వస్తోంది, లోడు మీద మరీ ఎక్కువన్నాడు అన్నయ్య. పెద్దాయన డీజిల్లో ముంచిన బ్రష్షుతో ఇంజనంతా కడిగి, తుడిచి, ఆరనిచ్చాడు. ఆ తర్వాత మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి, చంటిపిల్లకి స్నానం చేయించాక అద్దినట్టు ఇంజనుకి అద్దాడు. అప్పుడు స్టార్టు చెయ్యమన్నాడు.

ముగ్గురం వంగి చూస్తున్నాం. తెల్లటి పౌడరు మీద ముందు సీలు దగ్గర ఒక సన్నటి తడి గీత కనిపించింది. వెనకవైపు ఇంకొకటి. చూస్తుండగానే ఇంచుమించు ప్రతి అతుకు దగ్గరా తడి తేలింది. ఇక ఇనుము కొట్టుకే అనుకున్నాను. ఆయన మొహం మాత్రం వెలిగింది.

"ఒక్క సోట కారితే ఆ సోటు పాడయినట్టమ్మా. ఇన్ని సోట్ల ఒక్కపాలి కారతందంటే లోపల్నుంచి ఏదో తోస్తంది" అన్నాడు.

అది పీడనం పాఠం. ఏటా తొమ్మిదో తరగతికి బోర్డు మీద బాణం గుర్తులు గీసి నేను చెప్పేదే. ఆయన దాన్ని పౌడరు మీద చదివాడు.

ఆయిలు పోసే మూత తీశాడు. లోపల్నుంచి బుస్సుమని గాలి తన్నింది. రింగులు పోయినా ఇలాగే తన్నుతుందని, ముందు చూసినవాళ్ళు ఇక్కడే ఆగిపోయి ఉంటారని చెప్పాడు. ఆయన మాత్రం మూత మళ్ళీ బిగించకుండా ఇంజను నడవనిచ్చి, పొగగొట్టం వైపు చూస్తూ స్టూలు మీద కూర్చున్నాడు. అరగంట అలాగే కూర్చున్నాడు. నీలం మెల్లగా పలచబడింది. ఇంకాసేపటికి పొగ వెనకనుంచి రోడ్డు మీద చెరుకు బళ్ళు స్పష్టంగా కనిపించాయి. పౌడరు మీద గీతలు సాగడం మానేశాయి. ఎవరూ ఏదీ మార్చలేదు, విప్పలేదు.

రింగులు బాగానే ఉన్నాయి, ఊపిరి గొట్టం మూసుకుపోయిందంటూ ఆయన నేలమీద వెల్లకిలా పడుకుని ఇంజను కిందకి జరిగాడు. లోపల పుట్టే గాలి బయటికి పోవడానికి పక్కనుంచి ఒక గొట్టం కిందకి దిగుతుందట. అది మూసుకుపోతే ఆ గాలి ఆయిల్ని దొరికిన సందులోంచల్లా నెడుతుందని, కొంత లోపలికెక్కి కాలి నీలం పొగవుతుందని, మూత తీశాక గాలికి దారి దొరికి రెండూ తగ్గాయని పడుకునే చెప్పాడు. గొట్టం చివర ఎండిన పొలం బురద ముద్దలా ఉంది. గీకితే బురద కింద గుడ్డ, దాని చుట్టూ పురికొస.

ఆయన ఆ గుడ్డని డీజిల్లో జాడించాడు. ఆకుపచ్చ మీద చిన్న తెల్లపువ్వులు బయటపడ్డాయి.

అది నా పాత చీర ముక్క. దసరాకి వెళ్ళినప్పుడు ఆయుధపూజకి ట్రాక్టరు నేనే కడుగుతానని పట్టుబట్టాను. పైపుతో కొడితే నీళ్ళు లోపలికి పోతాయని, సైన్సు టీచర్ని కదా, కనిపించిన ప్రతి రంధ్రానికీ గుడ్డ కట్టాను. పైవన్నీ విప్పి, కిందది మరిచిపోయాను. అలాగే ట్రాక్టరుకి పసుపు రాసి బొట్టు కూడా పెట్టాను. ఆ తర్వాత అన్నీ తేలిక పనులే కాబట్టి చెరుకు లోడు పడేదాకా ఏమీ బయటపడలేదు.

అన్నయ్య గుడ్డ వైపు చూస్తున్నాడు. గుర్తుపట్టినట్టు లేదు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

"అది నేను కట్టిందే అన్నయ్యా. దసరా నాడు కడిగినప్పుడు" అన్నాను.

అన్నయ్య ఫోను తీసి ఇనుము కొనేవాడిని రావద్దన్నాడు. తర్వాత ట్రాక్టరు దగ్గరికెళ్ళి, మడ్‌గార్డు మీద చెయ్యి వేశాడు.

"మూణ్ణెల్లు ఊపిరాడకపోయినా మోసింది సూడే. ఒక్కనాడు ఆగిపోలేదు" అన్నాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. నిన్న నేను అన్ని మాటలన్నప్పుడూ అనలేదు. ట్రాక్టరెక్కి అన్నయ్య పక్కన కూర్చున్నాను కానీ, ఇల్లు చేరేదాకా నాకు నోరు పెగల్లేదు.