గుర్రం కాళ్లు చూడమన్న సార్

పాపను పడుకోబెట్టి కిటికీ తీశాను. ఎక్కడో వాన పడినట్టుంది, తడిమట్టి వాసన వస్తోంది. ఈ వాసన తగిలితే నాకు మా డ్రాయింగ్ మాస్టారు ఓబులేసు సార్ గుర్తొస్తారు.

అప్పుడు గార్లదిన్నె దగ్గర హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. పంట ఎండిపోయి నాయన బెంగళూరుకు కూలిపనికి వెళ్లాడు. నెల దాటినా కబురు లేదు. మేస్త్రీ ఫోన్ నంబరు మా దగ్గర ఉంది కానీ, ఏం వినాల్సి వస్తుందోనని అమ్మా నేనూ చేయలేదు.

ఆ రోజు సార్ ఒక పాత క్యాలెండర్ బొమ్మను బోర్డుకు తగిలించారు. జీను లేని గుర్రం మీద ముగ్గురు పిల్లలు. వాళ్ల వెనక ఆకాశమంతా నలుపు. చివర కూర్చున్న పిల్ల వెనక్కి తిరిగి చూస్తోంది. ఏం కనిపిస్తోందో చెప్పమన్నారు.

"వానొస్తాంది సార్! కుశాలగా ఉండారు" అంది క్లాసంతా. "శెనిక్కాయ ఇత్తనం ఏసేకి పోతాండారు" అన్నాడు వెనక బెంచీ గంగన్న.

"గుర్రమెక్కి పోయి ఇత్తనమేసేకి వాళ్లేమన్నా జమీందార్లేమప్పా?" అని నవ్వి, సార్ నా వైపు తిరిగారు.

"భయపడి పారిపోతాండారు సార్. వాళ్ల నాయన యాడనో నిలిచిపోయినాడు. ఇంక రాడు" అన్నాను.

"మబ్బును చూసి భయపడేది ఈ జిల్లాలో నువ్వొకదానివే మ్మే!" అన్నాడు గంగన్న. అందరూ నవ్వారు.

"ఉండండప్పా. గీసినోడిది యా ఊరో, ఆడ మబ్బంటే భయమేమో" అని సార్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. "గుర్రం కాళ్లు చూడు పాపా. పరిగెత్తుతాందా?"

మూడు గిట్టలు నేల మీదే ఉన్నాయి. పగ్గం వదులుగా వేలాడుతోంది. "లేదు సార్. నడుస్తాండాది."

"పారిపోయేటోళ్లు ఇట్ల పోతారా? నాయన యాడుండాడు బొమ్మలో?"

బొమ్మంతా వెతికాను, ఎక్కడా లేడు. నోట్సులో పేజీ మధ్య గీత గీయమన్నారు. "బొమ్మలో ఉండేది ఈ పక్క, నువ్వు తెచ్చి పెట్టింది ఆ పక్క రాయి." కుడిపక్క ఒక్క మాటే రాశాను: నాయన.

సార్ అది చదివి, నాయన సంగతి అడిగి తెలుసుకున్నారు. బడి వదిలాక నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ఎస్టీడీ బూత్‌కు తీసుకెళ్లారు. మేస్త్రీ నంబరు నాతోనే నొక్కించారు. అవతల మేస్త్రీ ఎవరినో కేకేశాడు.

"ఏం పాపా, బాగుండారా?" నాయన గొంతే! "చేతికి దెబ్బ తగిలి జాబు రాసేకి కాలేదు. వచ్చే వారం వస్తా."

నేను ఏడుస్తూనే ఉన్నాను. "బతికుండాడని తెలిసినంక ఏడుస్తారా ఎవరన్నా? మాట్లాడు పాపా!" అని సార్ కసిరారు.

ఆ బొమ్మకు అర్థమేమిటో సార్ ఎన్నడూ చెప్పలేదు. ఆ పిల్ల ఎందుకు వెనక్కి చూసిందో నాకిప్పటికీ తెలియదు.

నిన్న పాప ఒళ్లు కాలిపోతుంటే కాగితం మధ్య గీత గీశాను. ఎడమపక్క: జ్వరం నూట ఒకటి, పాలు తాగింది, పిలిస్తే చూస్తోంది. కుడిపక్క పేజీ చివరిదాకా నిండిపోయింది. ఎడమపక్కది మాత్రమే డాక్టరుకు ఫోన్‌లో చదివి వినిపించాను.