మా తాతయ్య యుద్ధం నుంచి ఎలా వచ్చాడు

మొన్న ఆగస్టు పదిహేనుకు కొద్ది రోజుల ముందు మా మణికొండ అపార్ట్‌మెంటు గేటుకు ఒక బ్యానరు కట్టారు. అందులో మా తాతయ్య ఉన్నాడు. ఆయనది మిగిలిన ఒకే ఒక్క ఫోటో మా మేనత్త పెళ్లినాటిది. అందులోంచి తలను మాత్రం తీసుకుని, మెడ కింద ఎవరిదో సిపాయి ఒంటిని అతికించి, చేతిలో ఆయన కాలానికి ఇంకా పుట్టని తుపాకీ పెట్టి, కింద ‘మన వీరుడు’ అని రాయించారు. దీనికంతటికీ కారణం లిఫ్టు. ఉద్యోగం ముగించుకుని కొడుకు దగ్గరికి చేరిన నా వయసు వాళ్లకు మనుషులు దొరికేది అక్కడే గనక, ఒకరోజు పైకి వెళుతూ మా తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్లాడని అసోసియేషన్ సెక్రెటరీతో అన్నాను. ఆయన కర్నూలు వైపు మనిషి, రియల్ ఎస్టేటు వ్యాపారం. ఏ ఖాళీ జాగానూ ఖాళీగా ఉండనివ్వడు.

“ఏం సార్, ఇంత పెద్ద కథ కడుపులో పెట్టుకోని చెప్పనే లేదే. ఆగస్టు పదిహేను సభలో మీ మేనత్తమ్మకు శాలువా కప్పుదాం, మన కల్నల్ సార్ మీ తాత గురించి రెండు ముక్కలు మాట్లాడతాడు” అన్నాడు, నా అంతస్తు వచ్చేలోపే.

నాకు చిక్కు వచ్చిపడింది అక్కడే. పక్క బ్లాకులో ఉండే కల్నల్‌గారు కరీంనగర్ వైపు మనిషి, సైన్యంలో చేసి రిటైరయినవారు, రెండు ముక్కలే మాట్లాడినా రెండూ నిజాలై ఉండాలనే రకం. మా ఇంట్లోనేమో గట్టిగా అడగని ప్రశ్న ఒకటి మూడు తరాలుగా మూలన కూర్చుని ఉంది: తాతయ్య యుద్ధం ముగిసి వచ్చాడా, మధ్యలో పారిపోయి వచ్చాడా?

గోదావరి కాలవ పక్కన మా ఊళ్లో ఈ విషయం మీద రెండో అభిప్రాయం ఉండేది కాదు. పొలం గట్టు తగాదా ఎక్కడ మొదలైనా, ఎదుటివాళ్లకు మాటలు అయిపోయాక బయటికి తీసే ఆఖరి అస్త్రం ‘యుద్ధం నుంచి పారిపోయొచ్చినోడి సంతు’ అన్నదే. మా నాన్న ఆ మాట దగ్గర కర్ర అందుకునేవాడు. నా సంగతంటారా, పిల్లలు యుద్ధం ఆట ఆడితే నాకు శత్రువు వేషం కూడా ఇచ్చేవారు కాదు, పారిపోయే సిపాయి వేషం ఇచ్చేవారు. ఆ పాత్రలో నాకు మంచి పేరు వచ్చిందనే చెప్పాలి. తాతయ్య మాత్రం యుద్ధం గురించి ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు. పెన్షను లేదు, పతకం లేదు, కనీసం గొప్ప చెప్పుకునే గాయమూ లేదు.

ఇప్పుడు వెతుకుదామని సైన్యానికి ఆన్‌లైన్‌లో అర్జీ పెడితే, సిపాయి నంబరు లేనిదే ఏమీ చెప్పలేమని మర్యాదగా జవాబు వచ్చింది. ఇక మిగిలిన సాక్ష్యం ఎనభై ఎప్పుడో దాటి మా ఇంట్లోనే ఉంటున్న మా మేనత్త. బ్యానరు చూసిన రోజు నుంచి ఆవిడ సరిగ్గా అన్నం తినడం లేదు.

“ఒరేయ్, అది తీయించు. వెతకటం కూడా మానెయ్” అంది.

“ఎందుకత్తయ్యా?”

“ఊరికే ఉన్న దుమ్ము మనమెందుకు దులపటం?”

సభ ఇంకా రెండు రోజులుందనగా కల్నల్‌గారే మా ఇంటికి వచ్చారు. ఎదురుగా కట్టే టవరు కోసం బండ పగలగొడుతున్నారు, కిటికీ మూసినా గ్లాసులు అదురుతున్నాయి. అత్త సోఫా అంచున బోనులో నిలబెట్టినట్టు కూర్చుంది.

“కాయితాలు లేకుంటే ఫికర్ లేదమ్మా. ఆయన అలవాట్లు చెప్పుండ్రి. మనిషి మర్చిపోయినా ఒళ్లు మర్చిపోదు” అన్నారాయన.

అత్త నోరు విప్పకపోయేసరికి, గదిలో గాలి కాస్త తేలికపడుతుందని నేనే గాడిదల సంగతి ఎత్తుకున్నాను. మా కాలవ గట్టున బట్టల మూటలు మోసే గాడిదలు ఉండేవి. వాటిలో ఏదైనా ఓండ్ర పెడితే, తాతయ్య భుజాన కావడి ఉన్నా సరే ఉన్నచోటే ఆగిపోయి, అది పూర్తిగా ముగిసేదాకా కదిలేవాడు కాదు. గాడిద ఓండ్ర శుభశకునం గనక, ఈయనకు శకునాల పిచ్చి అనుకున్నారు ఊరివాళ్లు. కోర్టు వాయిదాలకు వెళ్లేవాళ్లు పనిగట్టుకుని ఆయన పక్కన నడిచేవారు. ఇది చెప్పి నేను నవ్వాను. కల్నల్‌గారు నవ్వలేదు, టీ కప్పు కింద పెట్టారు.

“భుజం మీద పంటి గాటు ఏమన్న ఉండెనా?”

“ఎడం భుజం మీద. కుక్క కరిచిందనేవాడు” అంది అత్త.

“కుక్క కాదమ్మా, కంచర గాడిద. బర్మా అడవిల బండ్లు నడవయి, సామానంతా వాటి మీదనే. శత్రువుకు వినబడతదని కొన్ని దళాలల్ల వాటి గొంతు నరం కోసేటోళ్లు. మత్తిచ్చే కోసేటోళ్లు. లేచినంక నోరు తెరుస్తయి, సప్పుడు రాదు. కోసేది డాక్టరు, తల పట్టుకునేది దాన్ని రోజూ మేపి తోలేటోడు.”

తాతయ్య ఆగి విన్నది శకునం కాదని తెలియడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఆ వెంటనే, సిగ్గులేని మనసు గనక, సంతోషం వేసింది: వెళ్లాడన్నది నిజమే, బ్యానరులో తుపాకీ తీసి కళ్లెం పెట్టిస్తే సరిపోతుంది. కాని కల్నల్‌గారు ఇంకా లేవలేదు.

“ఇంకొక్కటి. జర యాద్ చేసుకోని చెప్పుండ్రి. సిపాయి చెప్పకుండ వస్తే ఆర్మీ ఊకోదు. మీ ఇంటికి పోలీసులు వచ్చిన్రా?”

“లేదండి, ఎవరూ రాలేదని మా నాన్నగారు ఎప్పుడూ...” అని నేను మొదలుపెట్టాను.

“వచ్చారు” అంది అత్త.

ఆ రోజు మా నాన్న బడికి వెళ్లాడట. తాతయ్య అప్పటికే వచ్చి గడ్డివాములో దాక్కుని ఉన్నాడు. నాయనమ్మ గుమ్మంలో నిలబడి నోట మాట రాక వణుకుతుంటే, పోలీసాయన పసిపిల్ల అబద్ధమాడదని అత్తను దగ్గరికి పిలిచి, మీ నాన్న ఎక్కడమ్మా అని అడిగాడు. యుద్ధంలో ఉన్నాడు అంది ఆవిడ. ఆయన తల నిమిరి వెళ్లిపోయాడు. అన్నకు కూడా చెప్పవద్దని నాయనమ్మ ఒట్టు వేయించుకుంది.

కల్నల్‌గారు లేచి నిలబడ్డారు.

“నేను అబద్ధం చెప్పనమ్మా. దాన్ని పారిపోవుడే అంటరు. వీరుడని నా నోటితోని అనలేను.”

“అనమని నేనూ అడగటం లేదండి.”

ఆయన వెళ్లాక, జ్వరమని చెప్పి సభ మానేద్దామన్నాను.

“జ్వరం నువ్వు తెచ్చుకో. నేను వెళ్తాను” అని అత్త లోపలికి వెళ్లిపోయింది.

ఆగస్టు పదిహేను పొద్దున మైకు అత్త చేతికి వచ్చింది. పక్కన కల్నల్‌గారు మడత విప్పని శాలువాతో నిలబడ్డారు. అత్త ఎక్కువ మాట్లాడలేదు. “మా నాన్న బర్మాలో కంచర గాడిదలు తోలాడు, వాటి గొంతులు కోస్తుంటే తలలు పట్టుకున్నాడు, తర్వాత పారిపోయి వచ్చాడు, పోలీసులకు అబద్ధం చెప్పి నేనే దాచాను, గేటు మీద రాసింది తప్పు.” అంతే చెప్పి మైకు ఇచ్చేసింది. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం సెక్రెటరీ వైపు, సెక్రెటరీ కల్నల్‌గారి వైపు చూశారు. ఆయన తొందరపడకుండా శాలువా మడత విప్పారు. విప్పి, అత్త భుజాల చుట్టూ కప్పి, చివర్లు సర్ది, మాట్లాడవలసిన రెండు ముక్కలూ మాట్లాడకుండానే వెళ్లి కూర్చున్నారు.

అసలు విచిత్రం ఇడ్లీల దగ్గర జరిగింది. మా అంతస్తులోనే ఉండే సాఫ్ట్‌వేరు కుర్రాడు ప్లేటుతో అత్త పక్కన చేరి, ఆవిడను ఓదార్చాలనుకున్నాడు.

“మామ్మగారూ, మీరు ఫీలవకండి. మా దాంట్లో అబ్‌స్కాండ్ అవడం అంటాం. నేనూ పోయిన కంపెనీలో చెప్పకుండానే వచ్చేశా.”

“మరి పోలీసులొచ్చారా బాబూ?”

“లేదండి, మెయిలొచ్చింది.”

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఇడ్లీ ప్లేటు అక్కడే పెట్టేశాను.

కాలం మారిందని మనమంతా మాదాపూర్ అద్దాల మేడలను చూసి అంటాం. నాకు మాత్రం ఆ కుర్రాడి ప్లేటు దగ్గర తెలిసింది. మా ఊళ్లో మూడు తరాల మెడలు వంచిన మాటకు ఇక్కడ చట్నీ వడ్డించుకునేంత సేపు కూడా బరువు లేదు. మంచిదే. కాని ఆ మాట అన్నవాళ్లు ఇప్పుడు లేరు, పడ్డవాళ్లూ లేరు. నిజం బయటికి వచ్చేసరికి దాన్ని వినవలసిన ఊరే చెదిరిపోయింది. అందరికంటే ముందు వినవలసిన మా నాన్న, తన తండ్రి పారిపోలేదని ఊరందరితో పోట్లాడుతూనే పోయాడు. అత్తను అదే ఊళ్లో ఇచ్చారు. తగాదా అయిన ప్రతిసారీ నాన్న ఒళ్లంతా చెమటతో నేరుగా చెల్లెలి ఇంటికే వెళ్లేవాడు, ఆవిడ చెంబుతో మజ్జిగ ఇచ్చి, ఆయన తాగినంతసేపూ తల వంచుకుని పక్కన నిలబడేది. అన్న కష్టానికి బాధపడుతోంది కాబోలు అనుకునేవాళ్లం.